కృతిభర్తయు పాలకజాతియు: యయాతి చరిత్ర మొదలు ప్రజల మనిషి వరకు

గోలకొండ సుల్తానుల యుగమును గూర్చి వ్రాయునపుడు మన సాహిత్య చరిత్రకారులు తప్పక వాడు మాట ఒకటి కలదు. అది మతసామరస్యము. ఇబ్రహీం కుతుబ్‌షా (1550-1580) అద్దంకి గంగాధరకవి రచించిన తపతీసంవరణోపాఖ్యానమునకు కృతిభర్త ఆయెను; కందుకూరి రుద్రకవికి చింతలపాలెమును దానమిచ్చెను; ఆయన అధికారులలో ఒకడైన అమీనుఖానుడు పొన్నికంటి తెలగనార్యుని చేత యయాతి చరిత్రను వ్రాయించి తొలి అచ్చతెనుగు కావ్యమును అంకితమందెను. ఈ మూడు సంగతులను చెప్పి, ఇబ్రహీమునకు మనవారు పెట్టుకొన్న మల్కిభరాముడను పేరును స్మరించి, సామరస్యమను మాటతో ప్రకరణమును ముగించుట ఆచారమైనది. అదే చరిత్రకారుడు నూటయేబది పుటల తరువాత ఇరువదవ శతాబ్దికి వచ్చునప్పటికి రజాకార్ల దురంతములు వర్ణింపబడును, దాశరథి అగ్నిధార ప్రశంసింపబడును. నడుమ ఏమి జరిగెనో ఎవ్వరును చెప్పరు.

ఈ మౌనము వలన విద్యార్థి రెండు ఊహలలో ఒకదానికి లోబడుచున్నాడు. ఇస్లాము నిజస్వరూపము రజాకార్లలో బయటపడినదనియు, ఇబ్రహీము కేవలము మంచి మనుష్యుడనియు ఒకడు అనుకొనును. పూర్వము అంతయు ప్రేమమయమనియు, రజాకార్లు ఎక్కడినుండియో ఊడిపడిన ఉపద్రవమనియు మరియొకడు అనుకొనును. పరీక్షాపత్రములు దిద్దిన వారెవ్వరైనను ఈ రెండు రకముల సమాధానములను ఎరుగుదురు. రెండును సరికావు. తెలుగు గ్రంథముల సాక్ష్యమును సరిగా చదివినచో మూడవ సంగతి కనబడును. అమీనుఖానుడు ప్రతినిధి అయిన సంప్రదాయము వేరు, 1930 తరువాత హైదరాబాదులో పుట్టిన సిద్ధాంతము వేరు. రెండవది మొదటిదానికి కొనసాగింపు కాదు. మొదటిదానిలోని అసమత్వమును ఉంచుకొని, దానిలోని బాధ్యతను తీసివేసిన నూతన నిర్మాణము.

అమీనుఖానుని నెలవు పటాన్‌చెరువు. హైదరాబాదు నుండి ముంబయి పోవు రహదారిలో మియాపూరు దాటి, మదీనాగూడ, చందానగరు, లింగంపల్లి మీదుగా ఆ ఊరు చేరవచ్చును. ఆ దారికి ఉత్తరముగా ఉన్న అమీన్‌పూరు అమీనుఖానుని పేరనే వెలసినదని ప్రతీతి. నేడీ దారి పొడవున సాంకేతిక సంస్థల ఉద్యోగులు నివసించు బహుళాంతస్తుల భవనములు లేచినవి. వానిలో కాపురముండువారిలో తెలగనార్యుని పేరు విన్నవారు ఎందరుందురో! ఊరి పేర్లు మాత్రము మిగిలినవి. మదీనా అనగా అరబ్బీలో నగరము. దానిపై మన గూడ చేరినది. నగరమును గూడెమును ఒకే సమాసమున కూర్చిన ఈ పేరు పండితులు కూర్చినది కాదు, జనులు నోట నలిగినది. ఈ ప్రాంతమున సుల్తానుల పాలనకును తెలుగు పల్లెకును కలిగిన సంబంధము ఇట్టిదే: అతుకు కనబడుచునే ఉండును, కాని ఊడి రాదు.

ఇక అవతారిక. మన ప్రబంధములలో ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిప్రశంస, కృతిభర్త వంశవర్ణనము, షష్ఠ్యంతములు అను క్రమమొకటి స్థిరపడినది. ఈ అచ్చు రెడ్డిరాజుల కాలము నాటికే గట్టిపడినది. కృతిభర్త ఎవడైనను ఆ అచ్చులోనే ఒదుగవలెను. ఇష్టదేవతల రక్షను కృతిభర్తకు కోరు సంప్రదాయమును గంగాధరకవి సుల్తాను విషయమునను విడువలేదు. విమర్శకులు దీనిని కవి ఔదార్యముగా గాని, ముఖస్తుతిగా గాని చెప్పుదురు. అసలు గమనింపవలసినది కృతిని అందుకొన్నవాని ప్రవర్తన. తన ధర్మమున దేవుడొక్కడే అని నమ్మిన ప్రభువు సభలో కూర్చుండి, అన్య దేవతలు తనను కాపాడుగాక అను ఆశీర్వచనమును వినెను, సంతోషించెను, బహుమానమిచ్చెను. తన నమ్మకమునకు ఇది భంగమని ఆయన తలంపలేదు. కవియు తన దేవతలకు ఇది అపచారమని తలంపలేదు. ఇద్దరును ఎవరి నమ్మకమును వారు నిలుపుకొనిరి. మధ్యనున్న కావ్యమర్యాద ఇద్దరికిని చాలినది.

యయాతి చరిత్రలో మరియొక విశేషమున్నది. అచ్చతెనుగు నియమమున తత్సమములు నిషిద్ధములు. 14వ శతాబ్ది పూర్వార్ధమునాటి ప్రోలయనాయకుని విలస తామ్రశాసనము తురుష్కుల పాలనను చీకటిగా, పాపముగా వర్ణించిన సంస్కృత రచన. ఆ శాసన సంప్రదాయమున యవన, మ్లేచ్ఛ శబ్దములు సిద్ధముగా ఉండెను. వానితోపాటు ఒక పూర్ణమైన ద్వేషభావనయు ఉండెను. తెలగనార్యుడు ఎన్నుకొన్న భాషలో ఆ శబ్దములకు చోటే లేదు. భాషానియమమే కవిచేత ఉదారముగా పలికించినదని వాదింపను, అది అతిశయోక్తి. కాని రెండువందల యేండ్లలో ఒక ముస్లిం అధికారిని వర్ణించుటకు కావలసిన మాటలు మారినవనుట నిజము. అమీనుఖానుని దానశీలము, ఆయన భార్య బడీబీబీ గుణములు ఈ అవతారికలో కీర్తింపబడినవి. ఒక ముస్లిం గృహిణి తెలుగు కావ్యపు ముంగిట ఇల్లాలిగా, అన్నము పెట్టు తల్లిగా నిలుచుట నాకు కృతిభర్త వర్ణనము కంటె విలువైన సాక్ష్యముగా తోచును. రాజును పొగడుటకు కవికి కారణములు పెక్కు. ఇంటి లోపలి స్త్రీని గౌరవముతో స్మరించుటకు ఊరిలో ఒక పరిచయము ఉండి తీరవలెను.

ఐనను దీనిని సామరస్యమని పిలుచుట సరిపోదు. సమానుల నడుమ కలిగిన పొందికను ఆ పదము సూచించును. ఇక్కడ సమానత్వము లేదు. ఇస్లాం ధర్మశాస్త్రమున ముస్లిమేతరుడు జిమ్మీ, అనగా రక్షణకు పాత్రుడు. రక్షణ పొందును, కాని పాలనలో హక్కుగా భాగము పొందడు. హనఫీ న్యాయవేత్తలు ఈ రక్షణను హిందువులకును వర్తింపజేసిరి. రక్షణ రాజు దయయే కాదు, విధియును; అది అతిక్రమించిన రాజును ప్రశ్నింపగల శాస్త్రము, ప్రశ్నింపగల ఉలేమాలు ఉండిరి. దక్కనులో ఈ విధి ఆచరణమున మరింత సడలినది. విజయనగరమున ఏడేండ్లు అళియ రామరాయల ఆశ్రయమున గడిపి వచ్చిన ఇబ్రహీమునకు తెలుగు సామంతులు లేక రాజ్యము నడువదని తెలియును. ఆ రామరాయలనే 1565లో తోటి సుల్తానులతో కలిసి కూలద్రోసెను. 1579లో గోలకొండ సేన అహోబిల దేవాలయమును కొల్లగొట్టెను. రత్నఖచితమైన విగ్రహము సుల్తానునకు కానుకగా చేరెను. ఆ సేనను నడపినవాడు మురహరిరావను హిందూ సేనాని. సామరస్యవాదులు ఈ సంగతిని దాటవేయుదురు. ద్వేషవాదులు సేనాని పేరును దాటవేయుదురు. రెండును కలిపి చదివినప్పుడే ఆనాటి రాజ్యము మన కంటికి ఆనును: దానికి దోపిడియు కలదు, దానమును కలదు, కాని ఇది మా జాతి రాజ్యము అను మాట దానికి లేదు.

అట్టి మాట ఉత్తరము నుండి ఒకమారు వినబడెను. తానాషా పాలనలో అక్కన్న మాదన్నలకు అధికారము అప్పగింపబడుట ఔరంగజేబు గోలకొండపై మోపిన నేరములలో ఒకటి. 1679లో జిజియాను పునరుద్ధరించిన పాదుషా ఆయన. 1686లో ఆ సోదరులు హత్యకు గురియైరి, 1687లో గోలకొండ పడిపోయెను. ఐతే ఔరంగజేబు సైతము సింహాసనము తనదనియే చెప్పెను గాని ప్రతి ముస్లిమునదని చెప్పలేదు. ఈ భేదము చిన్నదిగా కనబడును, చిన్నది కాదు.

మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీన్ 1927లో హైదరాబాదున స్థాపితమైనది. ముస్లింలలోని శాఖలను ఒకచోట చేర్చుట దాని తొలి ఉద్దేశము. 1938లో అధ్యక్షుడైన బహదూర్ యార్ జంగ్ మహావక్త, జాగీర్దారు, మహదవీ శాఖకు చెందినవాడు. ఆ శాఖను ఛాందసులు చిరకాలము అనుమానముతో చూచినారనునది ఇచ్చట మరువరాదు. ఆయన కాలమున ఇత్తెహాదు తన సిద్ధాంతమును స్పష్టము చేసికొనెను: హైదరాబాదు ముస్లింలు సమష్టిగా ఈ రాజ్యమునకు సార్వభౌములు, నిజాం సింహాసనము వారి సార్వభౌమత్వమునకు చిహ్నము మాత్రమే. అనల్ మాలిక్, నేనే ప్రభువును, అనునది దాని నినాదము.

ఈ నినాదము సాహిత్యపరముగా పరీక్షింపదగినది. దాని వెనుక ప్రతిధ్వనించునది అనల్ హక్, నేనే సత్యమును, అను మన్సూర్ హల్లాజ్ వాక్యము. 922లో బాగ్దాదున ఆ మాటకై ఆయన ప్రాణము పోయెను. సూఫీ వ్యాఖ్యానమున ఆ వాక్యములో నేను అనునది కరగిపోవును. పలుకువాడు మిగులడు, సత్యమే మిగులును. ఇత్తెహాదు నినాదములో సత్యము పోయి ప్రభుత్వము వచ్చినది, నేను అనునది మిగిలినది, మిగులుటయే కాదు, పెరిగినది. ఒక్క పదము మార్పుతో ఆధ్యాత్మిక వాక్యము రాజకీయ పత్రమైనది. ఛందస్సు అదే, ప్రాణము వేరు. సంప్రదాయమునకును సిద్ధాంతమునకును గల సంబంధమును చూపుటకు ఇంతకంటె చక్కని ఉదాహరణము నేనెరుగను.

ఈ సిద్ధాంతము పుట్టుటకు ఖురాను కంటె జనాభా లెక్కలు ఎక్కువ కారణము. 1941 లెక్కల ప్రకారము రాజ్యమున ముస్లింలు నూటికి సుమారు 13 మంది. రాజు ఒక్కడే ప్రభువైన కాలమున ఈ సంఖ్యకు అర్థము లేదు. ప్రాతినిధ్య సభలను గూర్చి మాటలు వచ్చిన వెంటనే అది భయంకరమైన అర్థము సంతరించుకొనెను. 1939 సంస్కరణలలో శాసనసభ స్థానములను హిందూ ముస్లింలకు సమసంఖ్యలో పంచుటకు ప్రతిపాదించిరి. షెడ్యూల్డు కులములవారిని మతాంతరీకరించు ప్రయత్నములు సాగినవి. ప్రతిగా ఆర్యసమాజము శుద్ధి నడపెను. ఆత్మల లెక్కకు ఓట్ల లెక్క తోడైన తరువాత మతము వేరొక వస్తువగును. అల్పసంఖ్యాకులు ప్రభువులు కావలెనన్నచో, అధికసంఖ్యాకులు రక్షణీయులుగా నైనను మిగులరు, లొంగదీయవలసినవారు అగుదురు. హిందువులును ముస్లింలును తన రెండు కన్నులని నిజాం చెప్పెనని ప్రసిద్ధి. ఆ మాట పాత భాష. అమీనుఖానునకు అది అర్థమై ఉండును. 1946లో ఇత్తెహాదు అధ్యక్షుడైన కాసిం రజ్వీకి అది పనికిరాని భాష.

ఇది ఇస్లాం సంప్రదాయమే కదా అని అడుగువారికి ఆ సంప్రదాయ పండితులే సమాధానము చెప్పినారు. దేవబంద్ విద్యాపీఠమునకు చెందిన మౌలానా హుసేన్ అహ్మద్ మదనీ 1938లో హిందూ ముస్లింలు కలిసి ఒకే జాతి కాగలరని వాదించుచు గ్రంథము వ్రాసెను. ఆయన ఆధునికుడు కాడు, హదీసు బోధకుడు. తన వాదమునకు ఆయన చూపిన ప్రమాణములలో మదీనా ఒడంబడిక ముఖ్యమైనది. ప్రవక్త మదీనాకు వలస వచ్చిన పిమ్మట ముస్లింలను, ఆ ఊరి యూదులను ఒక రాజకీయ సముదాయముగా కూర్చి, ఎవరి ధర్మము వారికి విడిచిన ఒడంబడిక అది. దానిని ప్రపంచమున మొదటి లిఖిత రాజ్యాంగముగా పరిశోధించి 1941లో ప్రకటించిన ముహమ్మద్ హమీదుల్లా మన హైదరాబాదు వాడే, ఉస్మానియా అధ్యాపకుడు. 1948లో హైదరాబాదు పక్షమున ఐక్యరాజ్యసమితికి వెళ్లిన బృందమునను ఆయన ఉండెను. మదీనా ఒడంబడికను ఎత్తిచూపిన పండితుడు, దాని స్ఫూర్తి నిలువని రాజ్యము పక్షమున వాదింప వెళ్లుట విద్వాంసుల జీవితములలో కనబడు దుఃఖకరమైన వైరుధ్యములలో ఒకటి.

మదనీకి ఎదురు నిలిచినవాడు మౌదూదీ. 1903లో నిజాం రాజ్యములోని ఔరంగాబాదున పుట్టి, 1932 నుండి హైదరాబాదున తర్జుమానుల్ ఖురాన్ పత్రికను నడపి, 1941లో లాహోరున జమాతె ఇస్లామీని స్థాపించెను. ఆయన మదరసా పద్ధతికి చెందిన పండితుడు కాడు, పత్రికారచయిత. ఇత్తెహాదు సిద్ధాంతము ఆయన సిద్ధాంతము కాదు: ఇత్తెహాదు సార్వభౌమత్వమును ముస్లిం సముదాయమునకు ఇచ్చినది, మౌదూదీ దైవమునకు ఇచ్చెను. కాని ఆ దైవసార్వభౌమత్వమును నడపు రాజ్యమున విధాన నిర్ణయము చేయు పదవులు విశ్వాసులవే, తక్కినవారు రక్షితులు. పాత ధర్మశాస్త్రపు జిమ్మీ పదము ఆధునిక రాజ్యయంత్రమునకు బిగింపబడినది. ప్రజలను పేరుపేరునా లెక్కించు యంత్రము చేతికి వచ్చిన తరువాత ఆ పాత పదమునకు పాత మెత్తదనము ఉండదు. సంప్రదాయమున సంప్రదాయజ్ఞుడు కలిసి బ్రదుకుటకు దారి వెదకగా, నూతన సిద్ధాంతి దానిని మూసెననుట మన పాఠ్యగ్రంథములలో ఎక్కడను కనబడదు.

ఈ సిద్ధాంతముల తాకిడి ముస్లిమేతరులకే పరిమితము కాలేదు. షియాలైన కుతుబ్‌షాహీల కాలము నుండి తెలంగాణ పల్లెలలో వేళ్లూనిన పీర్లపండుగలో పీరును ఎత్తువాడు, గుండము చుట్టు ఆడువాడు, మొక్కు చెల్లించువాడు పెక్కుచోట్ల హిందువే. ఈ కలగలుపును మొదట తప్పు పట్టినవారు సంస్కరణవాదులైన ముస్లింలు. శుద్ధి కోరిన హిందూ సంస్కర్తలును వెనుకబడలేదు. పల్లె ముస్లిమునకు తన తాతలనాటి ఇస్లాము ఇస్లామే కాదని చెప్పబడెను. అదే నోట నీవు ప్రభువవని చెప్పబడెను.

ఈ రెండవ మాటలోని బోలుతనమును పట్టుకొన్నది తెలుగు సాహిత్యము. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల మాభూమి నాటకము 1947 నాటిది. దాని కథానాయకునకు ఆధారము కామారెడ్డిగూడెపు షేక్ బందగీ. తన చెక్క భూమికై విసునూరు దేశముఖుతో న్యాయస్థానమున పోరాడి, 1940-41 ప్రాంతమున హతుడైన ముస్లిం రైతు. ప్రతి ముస్లిము ప్రభువైన రాజ్యమున బందగీకి భూమి దక్కలేదు. ఆ భూమిని కాజేయ చూచినవాడు హిందూ దేశముఖు. రాజ్యము ఎవరి పక్షమున నిలిచినదో తెలియనిది కాదు. 1947-48లో రజాకార్లును దేశముఖులును ఒకే గడీలో కూర్చుండిరి. సిద్ధాంతఖండనము చేయ పూనుకొనక, ఒక పేరును ఎన్నుకొనుట చేతనే నాటకకర్తలు అనల్ మాలిక్‌కు సమాధానము చెప్పినారు. నాటకముగా మాభూమిలో ఉపన్యాసపు పాలు ఎక్కువ. ఐనను ఈ ఎన్నిక గొప్పది.

వట్టికోట ఆళ్వారుస్వామి ప్రజల మనిషి ఇంకను సూక్ష్మమైనది. దిమ్మెగూడెమను పల్లెలో కథ నడచును. పేదలను ఇస్లాములో చేర్చుట, ఆర్యసమాజము వారిని మరల తెచ్చుట, నడుమ గడీ దొర లెక్కలు నవలలో వచ్చును. ఆళ్వారుస్వామి కోపగించుకొనడు. మతము మారినవాని వెట్టి మారినదా అని మాత్రము అడుగును. అగ్నిధారలో దాశరథి క్రోధము ఉజ్జ్వలమైనది, నిజామాబాదు చెరసాల గోడల నడుమ దానికి సార్థకతయు కలదు. కాని ఆ క్రోధము రాజుపై నిలిచినది. రాజు పోయిన తరువాత చదువరి ఆ క్రోధమును ఎవరి మీదికి త్రిప్పునో కవి చేతిలో లేదు. నేడు ఆ పద్యములను పొరుగువానిపై ప్రయోగించువారిని చూచుచున్నాము. ప్రజల మనిషిని అట్లు ప్రయోగించుట సాధ్యము కాదు. ఈ కారణమున నేను అగ్నిధార కంటె ఆ నవలకు ఎక్కువ విలువ కట్టుదును. అగ్నిధార అభిమానులు అంగీకరింపకపోవచ్చును.

అదే రాజ్యమున ఉర్దూలో వ్రాసి ప్రాణమిచ్చినవాడు షోయబుల్లాఖాన్. 1948 ఆగస్టున ఏడుగురు ముస్లిం ప్రముఖులు రజాకార్లను రద్దుచేసి భారత యూనియనులో చేరవలసినదిగా నిజాముకు విన్నవించిరి. షోయబుల్లాఖాన్ ఇమ్రోజ్ పత్రికలో అట్టి అభిప్రాయములనే ప్రకటించుచు వచ్చెను. ఆగస్టు 21 రాత్రి రజాకార్లు ఆయనను కాల్చి, చేయి నరికిరి. ఆయన వ్రాసినది మతమునకు వ్యతిరేకముగా కాదు. ముస్లింల మేలు కోరి, వారు ప్రభువులను భ్రమ విడువవలెనని వ్రాసెను. తెలుగు సాహిత్య చరిత్ర ఆయనకు ఒక వాక్యమైన ఇచ్చుట లేదు, ఆయన ఉర్దూ రచయిత అని కాబోలు. అమీనుఖానుని కృతిభర్తగా చేర్చుకొన్న చరిత్రకు ఈ కార్పణ్యము తగదు.

1948 సెప్టెంబరు పోలీసు చర్యతో రజాకార్ల కథ ముగిసెను. దాని వెంటనే మరొక కథ మొదలయ్యెను. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో ముస్లింలు పెద్దసంఖ్యలో చంపబడిరి. కేంద్ర ప్రభుత్వము పంపిన పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందము మృతుల సంఖ్యను తక్కువ అంచనాకు 27,000 మొదలు 40,000 వరకు చెప్పెను. ఆ నివేదిక దశాబ్దముల తరబడి ప్రకటింపబడలేదు. చనిపోయినవారిలో తాము ప్రభువులమని ఎన్నడును నమ్మనివారు ఎందరో. ఘోరము అధికముగా మరాఠీ, కన్నడ జిల్లాలలో జరిగినందున తెలుగు రచయితల దృష్టికి రాలేదని సమాధానము చెప్పవచ్చును. అది సగము సమాధానము. చిల్లరదేవుళ్లు (1969) వంటి నవలలు నిజాం పాలన నాటి తెలంగాణను శ్రద్ధగా చిత్రించినవి. ఆ తరువాతి మాసముల భయమునకు మాత్రము మన కథలలో, నవలలలో దాదాపు చోటు దొరకలేదు. పాలకజాతి అని పేరుపెట్టి వారిని మోసగించిన సిద్ధాంతమునే, అది కూలిన పిమ్మట వారిపై నేరముగా మోపిరి. ఆ నేరారోపణము తమ పుట్టుకతోనే తమపై పడినదని తెలుగులో చెప్పుటకు 1991లో ఖాదర్ మొహియుద్దీన్ పుట్టుమచ్చ రావలసి వచ్చెను; 1998లో జల్‌జలా సంకలనము దానికి తోడైనది. ఆ కవులు వాడినది తెలగనార్యుని అచ్చతెనుగు కాదు. తమ ఇండ్లలోని ఉర్దూ మాటలు కలిసిన తెలుగు. కృతిభర్తగా ఒకనాడు మన కావ్యముల ముంగిట నిలిచినవారు, ఆ ముంగిటినుండి లోపలికి వచ్చి కవులుగా మాటలాడినారు.